ఊహించడం మాని అడగడం: ఇంట్లో సహానుభూతిని సాధన చేసే పద్ధతి

మా ఆయన తిరుమల ఘాట్ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి బైరాగిపట్టెడలో మా ఇంటికి చేరేసరికి ఒక్కోరోజు రాత్రి తొమ్మిదవుతుంది. కంచంలో సంగటి పెట్టి, పక్కన ఊరుబిండి వేసి, నేను ఆ రోజు సంగతులు మొదలుపెడతాను. ఆయన "ఊ" అంటాడు. ఇంకో నాలుగు మాటలు చెబితే ఇంకో "ఊ". కొన్ని రోజులు అదీ ఉండదు. ఆ "ఊ"కి ఏళ్ల తరబడి నాకు తోచిన అర్థాలు నేనే చెప్పుకున్నాను. మా తమ్ముడికి ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదని కోపమనుకున్నాను. నా మాటంటే లెక్క లేదనుకున్నాను. ఒకసారైతే రెండు రోజులు మాట్లాడటమే మానేశాను. ఆయన గమనించనే లేదు. దాంతో ఇంకా మండింది.

పెళ్లయిన పంతొమ్మిదో ఏట, ఆయనకు జలుబు చేసిన ఒక రోజున విషయం బయటపడింది.

"ఏందయ్యా, నేను చెప్పేది ఇనపడతా ఉండాదా లేదా?" అని అరిచాను.

"లేదు మే. కొండ దిగితే చెవులు దిబ్బళ్లు పడతాయి గదా. జలుబుంటే పడుకునే దాకా తెరుచుకోవు" అన్నాడు, చాలా మామూలుగా. ఆ సంగతి నాకు తెలుసనే ఆయన అన్నేళ్లూ అనుకున్నాడట.

నేను బీఈడీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడం గురించి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబుతాను. ఆ రాత్రి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. క్లాసులో చెప్పే పరిశోధనలను ఇంట్లో ఎప్పుడైనా వాడానా అని చూసుకుంటే, లేదు. అప్పటి నుంచి వాడటం మొదలుపెట్టాను. మా ఇంట్లో పనికొచ్చిన వరుసలోనే రాస్తున్నాను. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటాయి, ఇక్కడ ఎనిమిదే. ఒక నోటుబుక్కు, పెన్ను, ఒకటిన్నర నెల ఓపిక కావాలి. ఇంట్లో రెండోవాళ్లు కలిసొస్తే మంచిది. రాకపోయినా ఒకటో మెట్టు, నాలుగో మెట్టు ఒంటరిగా ఎక్కవచ్చు.

మొదటి మెట్టు: మీలో ఏది ఎంత ఉందో చూసుకోండి

సానుభూతి, సహానుభూతి అని రెండు మాటలున్నాయి మనకు. అయ్యో పాపం అనుకోవడం మొదటిది. ఎదుటివారి మనసులో ఏముందో పట్టుకోవడం, దానికి మన మనసు కదలడం రెండోది. ఈ రెండోదాన్ని ఒకే ముద్దగా చూడకూడదని గట్టిగా చెప్పినవాడు మార్క్ డేవిస్ అనే అమెరికా సామాజిక మనస్తత్వవేత్త. ఫ్లోరిడాలోని ఎకర్డ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1980లో ఆయన 28 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేసి, 1983లో దాని మీద మరింత వివరమైన వ్యాసం ప్రచురించాడు. సహానుభూతిని కొలవాలంటే ఇప్పటికీ ప్రపంచమంతా ఎక్కువగా వాడేవాటిలో అదొకటి. అందులో నాలుగు భాగాలుంటాయి, ఒక్కోదానికి ఏడు వాక్యాలు.

మొదటిది దృష్టికోణం, అంటే ఎదుటివారి వైపు నుంచి విషయాన్ని చూడగలగడం. రెండోది ఆపేక్ష. కష్టంలో ఉన్న మనిషిని చూస్తే ఆ మనిషి కోసం మనసు కరగడం. మూడోది కల్పన. సినిమాలో, కథలో పాత్రలతో కలిసిపోయి ఏడవడం, నవ్వడం. నాలుగోదే అసలు చిక్కు. దాన్ని నేను సొంత కంగారు అంటాను. ఎదుటివారి బాధ చూసి మనమే బెంబేలెత్తిపోవడం.

ఈ నాలుగూ ఒక మనిషిలో ఒకే పాళ్లలో ఉండవు. నాకు తెలిసిన ఒక పెద్దామె సీరియల్ చూస్తూ కొంగు తడిసేలా ఏడుస్తుంది, పక్క వాటాలో పిల్లకు జ్వరమొస్తే తలుపు కూడా తీయదు. ఆమెది రాతిగుండె అంటారు వీధిలో. కాదు, ఆమెకు మూడోది నిండుగా ఉంది, రెండోది తక్కువ. అంతే.

నోటుబుక్కులో ఒక్కో భాగానికి ఒక్కో పేజీ తీయండి. పోయిన నెలలో మీ ఇంట్లో జరిగినవి మాత్రమే, పేజీకి రెండు సంఘటనలు రాయండి. "నేను చాలా సున్నితం" లాంటి వాక్యాలు వద్దు. మనల్ని మనం మెచ్చుకోవడంలో అందరం గట్టివాళ్లమే. "మంగళవారం పాప పరీక్ష బాగా రాయలేదని చెప్పింది, నేను టీవీ కట్టేసి కూర్చున్నాను", ఇలా రాయండి. ఏ పేజీ నిండలేదో, ఏది చప్పున నిండిపోయిందో చూడండి. నాకు నాలుగో పేజీ ఒక్క పూటలో నిండింది.

రెండో మెట్టు: అదే పేజీ ఇంట్లోవాళ్లతో నింపించండి

డేవిస్ 1987లో హెచ్. అలాన్ ఓథౌట్ అనే మరో పరిశోధకుడితో కలిసి ప్రేమ జంటల మీద పనిచేశాడు. సహానుభూతి ఉన్నవాళ్ల జోడీలు ఎందుకు సంతృప్తిగా ఉంటాయన్నది ప్రశ్న. వాళ్లు చూపిన దారి ఇది: లోపలి గుణం ముందు చేతల్లోకి రావాలి. ఆ చేతలు ఎదుటివారి కంట పడాలి. వాళ్లు వాటిని అలా గుర్తించాలి. అప్పుడు గానీ సంతృప్తి దాకా పోదు. మధ్యలో ఎక్కడ తెగినా అంతే.

మన ఇళ్లలో ఇది మధ్యలోనే తెగుతుంది. "మీ నాయనకు నువ్వంటే ప్రాణం, పైకి చెప్పడు గానీ" అని పిల్లలకు నచ్చజెప్పని తల్లి ఉందా? పైకి రాని ఆపేక్షకు ఇంకొకరు దుబాసీ పని చేయాల్సి వస్తోంది.

అందుకని వారం తర్వాత, మీ పేజీలు చూపించకుండా, ఒకే మాట అడగండి: "ఈ నెలలో నేను నీ కష్టం గమనించినానని నీకు ఎప్పుడన్నా అనిపించిందా? ఎప్పుడు?" జవాబు వచ్చాక వాదించకండి. నేను రాసుకున్న ఎనిమిది సంఘటనల్లో మా ఆయనకు గుర్తున్నవి రెండే. నేను రాయనిది ఒకటి చెప్పాడు. ఎండాకాలం డ్యూటీకి మజ్జిగలో అల్లం వేసి సీసాలో పోసిస్తానట, అది. నా దృష్టిలో అది వంట. ఆయన లెక్కలో వేరే.

మూడో మెట్టు: "నాకు తెలుసులే" అన్న మాటను పరీక్షకు పెట్టండి

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. గొడవలకు వేరు ఇక్కడే ఉందని నా నమ్మకం.

కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు విడమరిచి చెబుతాం. మన మనిషి దగ్గరికి వచ్చేసరికి సగం మింగేస్తాం, ఎలాగూ అర్థమవుతుందని. 2011లో కెన్నెత్ సావిట్‌స్కీ, నికొలస్ ఎప్లీ, మరికొందరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. భార్యాభర్తల్ని ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా కూర్చోబెట్టి, రెండు మూడు అర్థాలు వచ్చే మామూలు మాటల్ని పలకమన్నారు. అవే మాటల్ని ముక్కూమొహం తెలియనివాళ్లూ విన్నారు. తమ జోడీకి ఎక్కువ అర్థమవుతుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే సొంత జోడీ బయటివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ పట్టుకోలేదు.

మే నెలలో తిరుపతిలో "అబ్బా, ఉక్కగా ఉండాది" అని మీరంటే దానర్థం ఏమిటి? ఫ్యాను పెంచమనా, కూలర్‌లో నీళ్లు పోయమనా, ఏసీ కొందామని ఎన్నాళ్లుగా చెబుతున్నానో గుర్తుందా అనా, లేకపోతే ఊరికే ఉక్కగా ఉందనా? అన్న మనిషికి ఒకటే అర్థం. విన్న మనిషికి నాలుగు.

టెక్సస్‌లో విలియం ఇక్స్ అనే ఆయన ఇంకో దారిలో పోయాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వీడియో తీయడం, తర్వాత ఇద్దరికీ విడివిడిగా చూపించడం. "ఇక్కడ నా మనసులో ఇది మెదిలింది" అని మొదటివారు ఆపిన చోటల్లా రెండోవారు ఆపి, ఏం మెదిలి ఉంటుందో ఊహించాలి. కొత్తవాళ్లు ఐదింట ఒకటి మాత్రమే సరిగ్గా పట్టుకుంటారు. దగ్గరివాళ్లు మూడింట ఒకటి పట్టుకుంటే గొప్ప. న్యూజిలాండ్‌లో థామస్, ఫ్లెచర్ బృందం ఇలాంటి పద్ధతితోనే 1997లో దంపతుల్ని చూస్తే, పెళ్లై ఎక్కువ ఏళ్లయినవాళ్లు కొత్త దంపతుల కంటే తక్కువగా పట్టుకున్నారు. కొత్తలో ముఖం చూస్తాం, వింటాం. తర్వాత తర్వాత మన తలలో ఒక బొమ్మ తయారై కూర్చుంటుంది, ఆ బొమ్మతోనే కాపురం చేస్తాం. నా బొమ్మకు చెవులు బాగా వినిపించేవి మరి.

ఇంట్లో పరీక్ష ఇలా చేయండి. రోజుకు ఒక చిన్న విషయం తీసుకోండి. పెద్ద విషయాలు వద్దు, కొట్లాట అవుతుంది. ఆదివారం ఊరికి పోదామా అంటే ఏమంటాడు? ఈరోజు డ్యూటీలో ఏది విసుగనిపించి ఉంటుంది? ఈ పెళ్లికి ఎంత చదివింపు రాయాలనుకుంటాడు? మీ ఊహను ముందు కాగితం మీద రాయండి. తర్వాత అడగండి. సరో తప్పో పక్కన గుర్తు పెట్టండి. పది రోజులయ్యాక లెక్కేయండి.

ముందే రాయడం తప్పనిసరి. రాయకపోతే జవాబు వినగానే "నేను అదే అనుకున్నా" అని మన మనసు మనల్నే మోసం చేస్తుంది.

నా మొదటి పది రోజుల మార్కులు: పదికి మూడు.

నాలుగో మెట్టు: మీ కంగారును ముందు దించండి

పోయిన ఏడాది మా అత్త బాత్‌రూంలో జారిపడింది. చప్పుడు విని పరిగెత్తాను. తలుపు తోసి చూస్తే గోడ పట్టుకుని కూర్చునుంది, మోచేతి దగ్గర రక్తం. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "దెబ్బ తగిలిందా అత్తా" అని కాదు. "ఎన్నిసార్లు చెప్పినా, ఒక్కదానివి లేయొద్దని! వినవు గదా నువ్వు!" అని అరిచాను. ఆమె తప్పు చేసిన చిన్నపిల్లలా తలొంచుకుని, "నిద్దర లేపేది ఎందుకులే అనుకున్నా మ్మా" అంది.

ఆ అరుపు కోపంలా వినబడుతుంది. అది భయం. డేవిస్ నాలుగో పేజీ. ఎదుటివారి బాధ మనలో మంట పుట్టించినప్పుడు, మన మంట ఆర్పుకోవడమే మొదటి పనైపోతుంది. కొందరు అరుస్తారు. కొందరు "ఏం కాలేదులే, ఏడవొద్దు" అని నోరు మూయిస్తారు. కొందరు ఆసుపత్రి వార్డులోకి రాకుండా బయట టీ తాగుతూ నిలబడతారు. వీళ్లు ప్రేమ లేనివాళ్లని చెప్పలేం. మంట తట్టుకోలేక దూరం జరుగుతున్నారు.

చేయాల్సింది చిన్నదే. మీకు ఆ కంగారు ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి. నాకు దవడ బిగుసుకుంటుంది. అది తెలిసిన క్షణాన నోరు తెరవకుండా చేతికి పని చెప్పండి: నీళ్లు తేవడం, చెయ్యి పట్టుకోవడం, లైటు వేయడం. ఒక నిమిషం తర్వాత మాట. ఆ మాట కూడా ప్రశ్నగా రావాలి: "యాడ నొప్పి?" దేవుడి దయవల్ల మా అత్తకు ఎముక విరగలేదు. ఇప్పుడు బాత్‌రూంలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించాం. నా అరుపు వల్ల కాలేదు ఆ పని, ఆమెకు రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తోందో అడిగిన తర్వాత అయింది.

స్వభావం మారదు గదా అనేవాళ్లుంటారు. కొంత నిజమే. కెలీ, కాన్లీ అనే ఇద్దరు 1987లో ఒక పరిశోధన ప్రచురించారు. 1930లలో నిశ్చితార్థమైన 300 జంటల్ని 1980 దాకా గమనించిన లెక్క అది. కాపురాలు చెడటానికి ఇద్దరిలోనూ ఉన్న ఆందోళన స్వభావం, భర్తలో నిగ్రహం లేకపోవడం ముందుగానే సూచనలుగా కనిపించాయి. మనవాళ్లు పొంతనల్లో 36 గుణాలు చూస్తారు గానీ ఈ రెండూ ఎవరూ అడగరు. సరే, ఆందోళన పుట్టకుండా ఆపడం మన చేతిలో లేదు. అది పుట్టిన తర్వాతి ఒక్క నిమిషం మాత్రం చేతిలో ఉంది.

ఐదో మెట్టు: వాళ్ల చోట మిమ్మల్ని కూర్చోబెట్టకండి

"నీ స్థానంలో నేనుంటేనా..." అని మొదలయ్యే మాట ఏదైనా సహానుభూతి అనుకుంటాం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాట్సన్ 1997లో దీన్ని రెండుగా విడదీశాడు. కష్టంలో ఉన్న ఒక అమ్మాయి గురించిన రేడియో ముఖాముఖిని విద్యార్థులకు వినిపించి, కొందరిని "ఆమెకు ఎలా ఉందో ఊహించండి" అన్నాడు, కొందరిని "ఆ చోట మీరుంటే మీకెలా ఉంటుందో ఊహించండి" అన్నాడు. రెండు గుంపుల్లోనూ ఆపేక్ష కలిగింది. కానీ తమను ఆ చోట పెట్టుకున్నవాళ్లలో దాంతోపాటు సొంత బాధా పెరిగింది. అదే, పాత కంగారు, ఇంకో దారిలో వచ్చింది.

దీనికి మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది కదా, మగవాళ్లు ఆడవేషం కడతారు. పెళ్లైన కొత్తలో మా ఆయన మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, గాజులేసి, పూలు పెట్టుకుని ఎండలో ఊరంతా తిరిగొచ్చాడు. వచ్చి గడపలో కూలబడి, "ఎట్లా మే, ఈ చీర చుట్టుకుని పొద్దంతా పని చేస్తారు మీరు? మీ కష్టం ఇప్పుడు తెలిసింది నాకు" అన్నాడు. మా అత్త మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, కాదనను. కానీ పదేళ్ల వయసు నుంచి చీర చుట్టడం అలవాటైన నాకు చీరతో ఏ ఇబ్బందీ లేదు. నా ఇబ్బంది అప్పటి వంటిల్లు. దానికి కిటికీ లేదు. ఆయనకు తెలిసింది చీరలో తన కష్టం. కిటికీ సంగతి తెలియాలంటే నన్ను అడగాలి.

ఎయాల్, స్టెఫెల్, ఎప్లీ 2018లో ప్రచురించిన 25 ప్రయోగాల సారం కూడా ఇదే. ఎదుటివారి చోట నిలబడి ఊహించమంటే ఊహ మెరుగుపడలేదు, కొన్నిసార్లు నమ్మకం మాత్రం పెరిగింది. నేరుగా మాట్లాడి తెలుసుకున్నప్పుడే సరైన జవాబులు వచ్చాయి.

ఎలా అడగాలి? "ఏమైంది?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది, అది రాసిపెట్టుకోండి. "ఎందుకట్లా ఉండావు?" అంటే నిలదీసినట్టుంటుంది. కొంచెం పట్టు దొరికేలా అడగాలి. "ఈరోజు ఎన్ని ట్రిప్పులు? ఏ ట్రిప్పు కష్టమైంది?" అంటే మా ఆయన మాట్లాడతాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడడు. పక్కపక్కన నడుస్తుంటే, గిన్నెలు తుడుస్తుంటే మాట్లాడతాడు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. సగం దాటి ఆయాసంతో కూర్చున్న చోట ఆయన నాతో చెప్పిన సంగతులు ఇంట్లో ఏ రోజూ చెప్పలేదు. మీకు మెట్లు కుదరకపోతే కూరగాయల మార్కెట్టుకు నడిచిపోండి, చాలు.

విన్న తర్వాత మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోండి: "అంటే, నీకు కోపం రాలేదు, అలసటే, అంతేనా?" కాదంటే మంచిదే. కాదనడమే మీకు దొరికిన సమాచారం. సలహా అడిగితేనే సలహా.

ఆరో మెట్టు: మంచి కబురు వచ్చినప్పుడు

బాధలో పక్కన నిలబడటం గురించి అందరూ చెబుతారు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004 నుంచి తిరగేసి అడిగింది: మంచి జరిగితే ఇంట్లోవాళ్లు ఏమంటారు? 2006లో ఆమె బృందం తేల్చింది ఏమిటంటే, కష్టంలో దొరికే ఓదార్పు కంటే, సంతోషాన్ని పంచుకున్నప్పుడు దొరికే స్పందనకే బంధం బాగోగులతో గట్టి లంకె ఉంది.

మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, సెలెక్ట్ అయినా! చెన్నైలో!" అంది. దీనికి నాలుగు రకాల జవాబులు ఉండొచ్చు. ఒకటి: "అబ్బ! ఎట్లా చెప్పినారు నీకు? పక్కన ఎవురుండారు అప్పుడు?" రెండు: "మంచిది మ్మా", అంతటితో సరి. మూడు: "చెన్నైలో బాడుగలు ఎంతో తెలుసా? ఒక్కదానివి ఎట్లుంటావు?" నాలుగు: "సరే గానీ, నీ ఆధార్ కాపీ యాడ పెట్టినావు?"

నేను మూడోది అన్నాను. అటువైపు మౌనం. తర్వాత "సరేలే మా, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది. అరగంటకు నాకే తెలిసొచ్చి మళ్లీ చేసి, మొదటి రకం ప్రశ్నలన్నీ అడిగాను. చెప్పింది గానీ, మొదటి ఫోన్‌లోని గొంతు కాదది. బాడుగ గురించి మాట్లాడుకోవాల్సిందే, ఎవరూ వద్దనరు. రేపు మాట్లాడొచ్చు.

సాధన: ఇంట్లో ఎవరు ఏ చిన్న మంచి కబురు చెప్పినా, మూడు ప్రశ్నలు అడిగాకే మీ అభిప్రాయం. లెక్కపెట్టుకుని అడగండి, మొదట్లో కృత్రిమంగానే ఉంటుంది.

ఫోన్ అన్నాను గనుక ఇంకొకటి. వాట్సాప్‌లో ఎత్తిపొడుపులు, వెటకారాలు వద్దు. 2005లో క్రుగర్, ఎప్లీ బృందం చూసింది. తమ ఈమెయిల్‌లో వెటకారం ఏదో, నిజం ఏదో చదివేవాళ్లు 78 శాతం పోల్చుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు, పోల్చుకున్నది 56 శాతం. బొమ్మా బొరుసూ వేసినట్టే. "సరేలే" అని టైపు చేసే బదులు ఫోన్ చేయండి.

ఏడో మెట్టు: గొడవయ్యాక ఏడు నిమిషాలు

ముందు చిన్న ఆట. చింతగింజలు పది తీసుకోండి. ఒక పని పేరు చెప్పి, "ఇందులో నీ వంతు ఎన్ని గింజలు?" అని ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయాలి. మా అత్తకు వేళకు మాత్రలు ఇచ్చే పనికి నేను ఏడు రాసుకున్నాను, ఆయన ఆరు రాసుకున్నాడు. పది గింజల పని పదమూడైంది. 1979లో రాస్, సికోలీ 37 జంటల్ని ఇలాంటి ప్రశ్నలే అడిగితే, ఎక్కువ జంటల్లో మొత్తం ఇలాగే దాటిపోయింది. అబద్ధాలు ఆడటం లేదు ఎవరూ. మనం చేసినవి మనకు గుర్తుంటాయి, ఆయన రాత్రి పదకొండుకు ఇచ్చిన మాత్ర నిద్రపోతున్న నాకెలా గుర్తుంటుంది? గింజలు లెక్కపెట్టుకుని నవ్వుకున్నాక గొడవ సగం చల్లారుతుంది.

మిగతా సగానికి ఎలీ ఫింకెల్ అనే పరిశోధకుడి పద్ధతి. 2013లో ప్రచురించారు. 120 జంటల్ని రెండేళ్లు గమనించారు. మొదటి ఏడాది అందరి కాపుర సంతృప్తీ కొద్దికొద్దిగా దిగింది. రెండో ఏడాది సగం జంటలు నాలుగు నెలలకొకసారి, ఏడేసి నిమిషాలు ఒక రాతపని చేశాయి. ఏడాదికి మొత్తం 21 నిమిషాలు. వాళ్లలో ఆ దిగడం ఆగింది, మిగతావాళ్లలో సాగింది.

రాయాల్సింది ఇది. ఈమధ్య జరిగిన గొడవను తలచుకోండి. మీ ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి ఒకరు అక్కడే కూర్చుని చూశారనుకోండి. వాళ్లకు అది ఎలా కనబడి ఉంటుంది? అందులో మంచి ఏమైనా కనబడిందా? మళ్లీ గొడవ వచ్చినప్పుడు ఆ మూడో మనిషి కళ్లతో చూడటానికి మీకు అడ్డమొచ్చేది ఏమిటి? దాన్ని ఎలా దాటుతారు?

మూడో మనిషిగా మీ అమ్మను తెచ్చుకోకండి, ఆమె మీ పార్టీ. నేను మా చిన్నప్పటి లెక్కల టీచరమ్మను తెచ్చుకుంటాను. ఆమె ఎవరికీ అర మార్కు ఎక్కువ వేసేది కాదు.

రాసింది ఒకరికొకరు చూపించుకోవాల్సిన పని లేదు. మా ఆయన రాయడు. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మనసులో అనుకుంటానని చెప్పాడు. ఒప్పుకున్నాను. ఘాట్ మలుపుల్లో మాత్రం అనుకోవద్దన్నాను.

ఎనిమిదో మెట్టు: ఎక్కడ ఆపాలి

అన్నీ తెలుసుకోవాలని పట్టుబట్టకండి. సింప్సన్, ఇక్స్ బృందం 1995లో చేసిన పరిశోధనలో, బంధానికి ముప్పు తెచ్చే ఆలోచనల్ని మరీ బాగా పట్టుకోని ప్రేమికులే నాలుగు నెలల తర్వాత కూడా కలిసి ఉన్నారు. పక్కింటామె చీర బాగుందని మీ ఆయన అనుకున్నాడో లేదో తవ్వి తీయడం ఈ మార్గదర్శిలో భాగం కాదు.

ఇంకొక హద్దు గట్టిది. కొట్టే మనిషి, తిట్టి భయపెట్టే మనిషి ఇంట్లో ఉంటే ఈ మెట్లేవీ మీకోసం కాదు. "ఆయన వైపు నుంచి చూడమ్మా" అని పెద్దలు చెప్పే సలహా అక్కడ ప్రమాదం. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112. మనసు బాగోలేక నిద్ర, తిండి దూరమైతే 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎంత కాలం చేయాలంటే, మొదటి రెండు మెట్లకు రెండు వారాలు. మూడోదానికి పది రోజులు. తర్వాతవి రోజువారీ పనుల్లో కలిసిపోతాయి. చింతగింజలు, ఏడు నిమిషాల రాత నాలుగు నెలలకొకసారి చాలు. మూడో మెట్టు పరీక్ష మాత్రం ఏడాదికి రెండుసార్లు తిరిగి పెట్టుకోండి. తలలో బొమ్మ మళ్లీ పాతబడిపోతుంది కనుక.

ఈ దసరా సెలవుల్లో మేమిద్దరం కలిసి పెట్టుకున్నాం. నాకు పదికి ఐదు, ఆయనకు పదికి ఆరు. నేను తప్పిన వాటిలో ఒకటి, ఆయనకు నచ్చిన కూర ఏదన్నది. ఇరవై రెండేళ్లుగా గుత్తి వంకాయ వండి పెడుతున్నాను. "బాగుంటాది గానీ మే, నాకు అలసందల పులుసు ఇష్టం" అన్నాడు. మరి ఎప్పుడూ చెప్పలేదేం అంటే, నువ్వు అడగలేదు గదా అన్నాడు.